చెరువు అడుగున దొరికిన కరువు

ఇన్నేండ్లు సైన్సు చదివినదాన్ని, మొన్న ఒక్క జల్లెడతో పరువు పోగొట్టుకున్నాను! నవ్వకండప్పా, ముందు వినండి.

కోలారు జిల్లా శ్రీనివాసపురం పక్కన మామిడితోపుల నడుమ ఎండిపోయిన చెరువు ఒకటుండాది. నా పీహెచ్‌డీ కోసం దాంట్లో పైపు దించి లోపలి మట్టి పొరలు పొరలుగా తీసినాను. చెట్ల కార్బన్ ఒక రకం, ఎండకు తట్టుకునే గడ్డి కార్బన్ ఇంగొక రకం. మట్టిలో గడ్డిది ఎక్కువుంటే ఆ కాలంలో వానలు తక్కువని అర్థం. ఐసోటోపులంటే ఇంతే, జనాలు పేరు విని సుమ్నే, ఊరికే, భయపడతారు.

ఆండర్సన్‌పేటలో మా ఇంటి మిద్దెమీద మట్టి ఎండబెట్టినాను. జల్లిద్దామని చూస్తే ల్యాబ్ జల్లెడ బెంగళూరులోనే మర్చిపోయి వచ్చినాను! అమ్మ బజారుకు పోయింది. వంటింట్లో ఆమె పిండిజల్లెడ తగిలించి ఉండాది. గోడకేసి నాలుగు తట్లు తట్టి, అట్టడుగు మట్టి, అంటే అన్నిటికన్నా పాతది, మొదట జల్లించినాను. తర్వాత మిగిలినవి. పనైనాక కడిగి, ఏమీ ఎరగనట్టు మేకుకు తగిలించేసినాను.

మట్టిని ల్యాబ్ మిషన్‌లో పెడితే రిజల్ట్ వచ్చింది. మట్టంతా చెట్లే చెట్లు, అట్టడుగున మాత్రం గడ్డి! మా గైడ్ సారు కుర్చీలో కూర్చోలేకపోయినారు. వేల ఏండ్ల కిందట కోలారులో పెద్ద కరువొచ్చిందని డిపార్ట్‌మెంటంతా చెప్పేసినారు. థీసిస్ దీనిమీదే రాయమన్నారు, సోమవారం సెమినార్ కూడా పెట్టించినారు. నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఆదివారం అమ్మ ముద్ద చేయడానికి రాగిపిండి జల్లిస్తా ఉంటే, పక్కన నిలబడి నా గొప్పలు చెప్తా ఉన్నాను. ఆమె జల్లెడను గట్టుకేసి టపటపా కొట్టి విసుక్కునింది.

"ఎంత తట్టినా అంచులో పిండి పోదే, పాడు జల్లెడ!"

నా గొప్పలు అక్కడే ఆపేసినాను. రాగి కూడా ఎండకు తట్టుకునే ఆ గడ్డి జాతే కదా! నేను తట్టినా పోకుండా అంచులో మిగిలిన పిండంతా మొదట జల్లించిన మట్టికే అంటుకునింది. ఇంగ చేసేదేముంది, సారుకు ఫోన్ చేసినాను.

"సార్, కరువు రాలేదు సార్. అది మా ఇంటి రాగిపిండి."

సారు నిదానంగా అడిగినారు.

"మట్టన్నా చెరువులో తీసినావా అమ్మా, అదీ మీ వంటింట్లోదేనా?"

సెమినార్ మాత్రం ఆపలేదు. జరిగిందంతా నాచేతే అందరి ముందర చెప్పించినారు. థీసిస్ మళ్ళీ మొదటికొచ్చింది. వేల ఏండ్ల కిందటి కరువు చూపిస్తానని పోయి, మా అమ్మ డబ్బాలో రాగిపిండికి కొదవలేదని మిషన్ పెట్టి మరీ నిరూపించి వచ్చినాను!