దిగిరాని ఫైలు

నెల్లూరు ఆఫీసులో అడుగు పెట్టగానే సాయిలక్ష్మి బ్యాగు కుర్చీకి తగిలించి, చున్నీ కొసతో స్క్రీను తుడిచి, అందరి కోడూ దాచే సాఫ్ట్‌వేర్ తెరుస్తుంది. ఫైళ్లు తన కంప్యూటర్లోకి దింపుకోబోతే అది రోజూ ఒకే ఫైలు దగ్గర మొండికేస్తుంది. మైపాడు పడవలు ఒడ్డుకు చేరాయో లేదో చూసే ఆ ఫైలు పేరు ‘అందరూ వచ్చేసినారా?’. రాసిన చంద్రమౌళి వాడింది లినక్స్, దానికి ఆ ప్రశ్న గుర్తుతో పేచీ లేదు. ఈమె వాడే విండోస్ ఫైలు పేరులో ప్రశ్నార్థకాన్ని ఒప్పుకోదు. ఆమె కాసేపు ఆ పేరు వంక చూసి, దాన్ని పక్కనపెట్టి, మిగతావి దింపుకుంటుంది.

కొత్తగా చేరిన తహీర్ నిన్న అది గమనించి, “పేరు మార్చేస్తే పొయ్యె గదక్కా!” అన్నాడు. కీబోర్డు మీద ఆమె వేళ్లు ఆగాయి. “మా అవ్వ మా తాత పేరు పలికేది కాదు తహీర్. అట్లని ఆయనకు పేరు మార్చేసిందా? ‘పిల్లకాయల నాయనా’ అని పిలుచుకునేది. ఈ సాఫ్ట్‌వేర్ గూడా అట్నే చెయ్యాల. అసలు పేరు అక్కడ ఉన్నట్టే ఉండనీ. పలకలేని మిషన్లో మాత్రం ఇంకో పేరుతో పిలుచుకోనీ.”

“బాగుందక్కా. ఇంతకీ ఎవరు రాసినారు దీన్ని?”

చంద్రమౌళి చనిపోయేదాకా, ఎవరు నవ్వుకున్నా లెక్కచేయక, ఆఫీసంతా వినబడేలా “మౌళీ, టీకి పోదాం రా!” అని భర్తను పేరు పెట్టి పిలిచిన మనిషి ఆమె. ఇప్పుడు నోరు తెరిచింది. ఆ పేరు పలకలేకపోయింది.

“మా ఇంటాయన” అంది.