నడికొండ గదిలో హాల్వర్

అలాస్కా కొండ నెత్తిన రాగి గని, అడుగున రైలు స్టేషను. ఆ రెండింటి మధ్యా ఖనిజం నింపిన తొట్టెలు ఇనప తాడు మీద వేలాడుతూ దిగేవి. సగం దారిలో, లోయ అంచున ఉన్న చెక్కగదిలో హాల్వర్ ఒక్కడే ఉండేవాడు. చక్రాలకు గ్రీజు పూసేవాడు, తాడుకు పట్టిన మంచును కొట్టి రాల్చేవాడు. చూసేవాళ్ళు లేకపోయినా రోజూ నున్నగా గడ్డం గీసుకునేవాడు. పైవాళ్ళూ కిందివాళ్ళూ టెలిఫోనులో మాట్లాడుకుంటుంటే చెవి ఆనించి వినేవాడు. నడక తప్పించుకోవడానికి కొందరు తొట్టెలో కూర్చుని దిగేవాళ్ళు. వాళ్ళు "బాగున్నావా?" అని అడిగి, ఇతను జవాబు చెప్పేలోగా దాటిపోయేవాళ్ళు.

ఒక మార్చిలో, గనిలో పనిచేసే ముసలి తోయివో పని మానేసి, సొంతూరికి పోతూ అలాగే తొట్టెలో దిగిపోతున్నాడు. అతని తొట్టె గది ముందుకు రాగానే హాల్వర్ తాడును ఆపే బ్రేకు లాగేశాడు. కొండ పొడవునా తొట్టెలన్నీ ఊగి ఆగాయి.

"ఏమైందయ్యా?" అన్నాడు తోయివో.

"ఏం లేదు. చలిగా ఉందా?"

"చలి కాక ఉక్కపోస్తుందా ఇక్కడ? కాఫీ ఉంటే పట్రా."

టెలిఫోను గణగణమంది. "ఎందుకాపావురా?" అని పైనుంచి మేస్త్రీ అరిచాడు.

"తాడుకి మంచు పట్టిందండీ."

"ఎండ కాస్తుంటే మంచేమిట్రా? ఉద్యోగం చెయ్యాలని లేదా?"

హాల్వర్ ఫోను పెట్టేసి తోయివోకి కాఫీ అందించాడు. తోయివో తన చెల్లెలి గురించి, ఊళ్ళో తను అల్లబోయే చేపల వలల గురించి చెబుతూ ఉంటే, బ్రేకు పట్టుకునే వింటూ నిలబడ్డాడు. మళ్ళీ ఫోను మోగింది.

"మంచు పోయిందా, లేదా?"

హాల్వర్ ఫోనును అరచేత్తో మూసి తోయివో వైపు చూశాడు. తోయివో వణుకుతూనే మీసం మీది కాఫీ తుడుచుకున్నాడు.

"ఇంకా పోలేదని చెప్పవయ్యా," అన్నాడు.