కారెక్కితేనే వచ్చే తలనొప్పి

2022 వానాకాలం. సికింద్రాబాద్ బోయిగూడలో మా మెకానిక్ షెడ్డు ముందు నీళ్లు నిలవని రోజు లేదు. పెట్రోల్ ఇంజిన్ల పనిలో అప్పటికే నా తల నెరిసింది. అయినా అసలైన భయం మాత్రం ఆ వానల్లోనే ఎరిగాను.

రమేశ్ మెట్టుగూడ నుంచి వచ్చాడు. భార్య స్వప్నకు ఏడో నెల. ఆసుపత్రిలో చూపించుకుని ఇంటికి పోతూ నా దగ్గర ఆగారు. వెనక సీట్లో స్వప్న, పక్కన అతని తల్లి.

"అన్నా, ఆక్సిజన్ సెన్సర్ మొన్ననే వేరేకాడ మార్పించిన. అయినా బండి పెట్రోల్ తాగుతనే ఉంది. జెర చూడు."

ఆక్సిజన్ సెన్సర్ పొగగొట్టానికి బిగించే చిన్న పరికరం. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో కనిపెట్టి ఇంజిన్ కంప్యూటర్‌కు చెబుతుంది. దాన్నిబట్టే కంప్యూటర్ పెట్రోల్‌ను పెంచుతుంది, తగ్గిస్తుంది. అది తప్పు చెబితే ఇంజిన్ తిండిపోతు అవుతుంది.

డ్యాష్‌బోర్డులో, ఇంజిన్‌లో తేడా వస్తే వెలిగే చెక్ ఇంజిన్ లైటు మీద ఎర్ర బొట్టుబిళ్ల అతికించి ఉంది. ఇదేందయ్యా అంటే, "ఆ లైటు చూసి స్వప్న పరేషాన్ అయితుందన్నా" అన్నాడు. ఇలాంటి వైద్యాలు చాలా చూశాను కనుక తిట్టకుండా, కంప్యూటర్ లెక్కలు చదివే స్కానర్ పెట్టాను. పెట్రోల్ చాలట్లేదంటోంది స్కానర్. స్పార్క్ ప్లగ్గు విప్పితే పెట్రోల్ ఎక్కువై మసిబారి ఉంది. నేను ప్లగ్గునే నమ్మాను. బండి నడుస్తుంటే రీడింగ్ ఎలా మారుతుందో చూద్దామని రమేశ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని స్టీరింగ్ పట్టుకున్నాను. వాన పడుతోంది కదా, ఆడవాళ్లను దిగమనలేదు.

రాంగోపాల్‌పేట్‌లో ట్రాఫిక్ ఆగిపోయింది. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. నా కణతలు పట్టేశాయి. పొద్దున చాయ్ పడలేదు, అందుకేలే అనుకున్నాను. అంతలో స్వప్న, "అత్తమ్మా, మల్ల తలనొస్తుంది, కండ్లు తిరుగుతున్నయ్" అంటూ సీటుకు ఒరిగిపోయింది.

"దీనికింక వేవిళ్లు పోలే," అంది పెద్దావిడ.

ఏడో నెలలో వేవిళ్లేమిటి? నా కణతల నొప్పి గుర్తొచ్చింది.

"చెల్లె, ఇంట్ల సుత గిట్లనే అయితదా?"

"లేదన్నా. ఇంట్ల మంచిగనే ఉంటా. కారెక్కితేనే గిట్ల."

గబగబా అన్ని అద్దాలూ దించేశాను. పెద్దావిడ కసురుకుంది. "ఏందీ బిడ్డా, అద్దాలు దించినవ్? కడుపుతోని ఉన్న పిల్లకు గాలి సోకుతది! నెల తప్పినప్పటి సంది నేను దించనిస్తలే."

కారు పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, అందరినీ వానలోకే దింపాను. ఒక బట్టల దుకాణం మెట్ల మీద స్వప్నను కూర్చోబెట్టాం. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

రమేశ్‌ను పక్కకు పిలిచాను. ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. పెట్రోల్ ఎక్కువై సరిగా కాలకపోతే అది ఇంకా పెరుగుతుంది. మూసిన కారులోకి చేరితే నిద్ర వస్తోందనుకుంటూనే ప్రాణం పోవచ్చు. ఇదంతా చెప్పేసరికి అతని ముఖంలో నెత్తురు లేదు.

"లోపల బిడ్డకో?"

"బండి సంగతైతే నేను చెప్త తమ్మీ. అది డాక్టరమ్మనే చెప్పాలె. జల్ది ఆటో ఎక్కుండ్రి. తలనొప్పని చెప్పకు, మూసిన కార్ల పొగ పీల్చిందని చెప్పు."

కారును తాడు కట్టించి షెడ్డుకు లాగించుకొచ్చాను. బానెట్ ఎత్తితే సెన్సర్ చుట్టూ మసి. మొన్న మార్చినవాడు మరచుట్లు కలవకుండా బలవంతంగా తిప్పి బిగించాడు. ఆ సందులోంచి దూరిన గాలిని చూసి సెన్సర్ పెట్రోల్ చాలట్లేదంటోంది, కంప్యూటర్ ఇంకా పోస్తోంది. అదే సందులోంచి పొగ బయటికి కొడుతోంది. మరి కారు లోపలికి ఎలా వస్తోంది? టార్చి వేసి వెతికితే దొరికింది. పాటల కోసం వూఫర్ స్పీకరు వైరు లాగిన మహానుభావుడెవరో ఇంజిన్‌కూ సీట్లకూ మధ్యనున్న రేకులో రబ్బరు మూత పీకి, రంధ్రం అలాగే వదిలేశాడు. ఎన్ని బూతులు తిట్టానో నాకే తెలియదు.

పాత సెన్సర్ విప్పి, చెడిన మరచుట్లు సరిచేసి, కొత్తది ముందు చేత్తో తిప్పి, తర్వాతే పానాతో బిగించాను. రంధ్రం మూశాను. స్కానర్‌లో సెన్సర్ గీత పైకీ కిందికీ సరిగ్గా ఊగుతోంది. మామూలుగా అయితే ఆ గీత చూస్తే నాకు కడుపు నిండుతుంది. ఆ రోజు ఫోన్ వైపే చూస్తున్నాను.

చివరికి రమేశ్ చేశాడు. "రక్తంల ఆ విషం ఉన్నదంటన్నా. ఆక్సిజన్ పెట్టిండ్రు. బిడ్డ గుండె కొట్టుకుంటుంది గని, ఇప్పుడే ఏం చెప్పలేమంటుండ్రు."

తెల్లారి కారు కోసం కొడుకుతో పెద్దావిడ కూడా వచ్చింది. "గాలి తగలొద్దని నేనే మూయించిన బిడ్డా. నేనే," అంటూ టైర్ల పక్కన కూలబడింది. ఆమె ప్రేమే అంత పని చేయబోయింది. మీ తప్పు కాదమ్మా అన్నాను గానీ, నా మాట ఆమె చెవికెక్కలేదు.

అప్పటినుంచి ఏ బండి వచ్చినా దాని రోగం తర్వాత అడుగుతాను. అందులో కూర్చునేవాళ్లకు ఎలా ఉంటోందని ముందు అడుగుతాను. కొందరు నవ్వుతారు, నవ్వనీ.

ఆ ప్రసవమయ్యేదాకా నాకు సరిగా నిద్ర లేదు. ఒక మధ్యాహ్నం కారు కింద పడుకుని ఉండగా ఫోన్ మోగింది. పెద్దావిడ గొంతు. "ఏడుస్తుంది బిడ్డా, ఇను," అంది. నూనె చేతులతోనే ఫోన్ చెవికి నొక్కుకుని, ఆ ఏడుపు ఆగేదాకా విన్నాను.