నూట తొంభై దగ్గర ఎర్రగీత

భర్త మొండయ్య ఉన్నన్నాళ్ళూ, పొద్దున ఏడయ్యేసరికి ఎల్లవ్వ బాత్రూం ముందు బకెట్ నిండా వేడినీళ్ళు పెట్టేది. రాత్రి పాళీ దిగి వచ్చిన మనిషి మగ్గాల దుమ్ము కడుక్కొని, టీ తాగి పడుకునేవాడు. ఊపిరితిత్తుల జబ్బు ఆయన్ని తీసుకుపోయి రెండు నెలలైంది. ఇప్పుడా బకెట్ కూతురు సంధ్యారాణికి పెడుతోంది. పెట్టి, అలవాటుగా వీధి తలుపు వైపు ఒకసారి చూస్తుంది.

ఆ సోమవారం నీళ్ళు చల్లారిపోతున్నా సంధ్య లేవలేదు. ల్యాప్‌టాప్ ముందు మోకాళ్ళు ముడుచుకొని కూర్చుంది.

సంధ్య పాండేసర అనే మిల్లుల పేటలో ఒక రంగుల మిల్లు ఆఫీసులో రిపోర్టులు తయారుచేస్తుంది. ఏ యంత్రం ఎంత వేడెక్కిందో ఆమె చేసిన రిపోర్టు షెడ్డు గోడ మీది టీవీలో కనిపిస్తుంటుంది. బట్ట ఆరబెట్టే యంత్రం వేడి నూట తొంభై దాటితే గీత ఎర్రబడాలి. అది చూసి పనివాడు వేడి తగ్గించాలి. నాలుగు రోజుల కింద ఆ యంత్రంలో బట్టకు నిప్పంటుకుంది. దాని మీద పనిచేసే నరేశ్ కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. గీత ఎర్రబడలేదని నరేశ్, చూసుకోకుండా వేడి పెంచాడని మిల్లువాళ్ళు. ఇవాళ పది గంటలకు పెద్ద సాహెబు విచారణ.

నరేశ్ ఉండేది పక్క గల్లీలోనే. మొండయ్య పాడె మోసిన నలుగురిలో ఒకడు. "నీ బిడ్డ టీవీ మా షెడ్డుల సీరియల్ లెక్కనే వదినె, కన్ను తిప్పనియ్యది" అని ఎల్లవ్వను నవ్వించేవాడు.

"దొరికిందా బిడ్డా? ఆ నూట తొంభై ఎవరు మార్చిన్రు?" ఎల్లవ్వ అడిగింది.

సంధ్య తెరను తల్లి వైపు తిప్పింది. "నేనే."

కిందటేడు సంధ్య ఇంట్లో కూర్చొని రిపోర్టు దిద్దుతుంటే మొండయ్య అడిగాడు, "మరి నిన్నటిది ఏడికి పోయింది?"

"దాని మీదనే ఇది సేవ్ అయితది బాపు."

"గట్లెట్ల? నేను మగ్గం మీదికెల్లి నూలు బీము దింపినప్పుడల్ల జానెడు గుడ్డ కోసి దాస్త. తప్పు ఏడ మొదలైందో ఆ గుడ్డనే చెప్తది. నీ దాంట్ల ఎవలు చెప్తరు?"

ఆ మాట పట్టుకొని సంధ్య డబ్బు కట్టక్కర్లేని దారి వెతికింది. ముందు ఆన్‌లైన్ ఫోల్డర్‌లో పెట్టింది. అందులో పాత ప్రతులు నెల దాటితే పోతున్నాయి. తర్వాత వీడియోలు చూసి గిట్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది. అది ఉచితం, పాతదేదీ పారెయ్యదు. కానీ రిపోర్టు ఫైలు ముడేసిన మూటలాంటిది. మూటను మూటగా దాస్తుందేగానీ లోపల ఏం మారిందో గిట్ చూపలేదు. అందుకని ఆమె రిపోర్టును ప్రాజెక్టుగా సేవ్ చేసి, అక్షరాలుగా చదవగలిగే విడివిడి ఫైళ్ళుగా విప్పింది. ఇక ఏ వరుస ఏ రోజు ఎవరు మార్చారో అన్నీ కనిపిస్తాయి. ఇదంతా ఆమె సొంత ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు తెర మీద ఎర్రటి వరుసలో పాత అంకె 190. దాని కింద పచ్చటి వరుసలో కొత్త అంకె 210. పక్కన సంధ్య పేరు, తారీఖు. అది మొండయ్య పదకొండో రోజు కర్మ అయ్యాక ఆమె పనికి వెళ్ళిన మొదటి రోజు.

"పక్క మిషిన్ అంకె దీనికి పెట్టిన. ఆ రోజు నాకు కండ్లే కనబడలే అమ్మా."

ఎల్లవ్వ తెరకు దగ్గరగా జరిగి కూర్చుంది. "జైల్ల పెడ్తరా?"

"తెల్వది. నౌకరీ అయితే పోతది." సంధ్య గొంతు తగ్గించింది. "ఆఫీసు ఫైల్ల ఇప్పుడు రెండొందల పదే ఉన్నది. మొదట్నుంచి గంతే అంటే కాదనేటోడు లేడు. ఈ ఫోల్డర్ ఒక్కటి లేకపోతే."

"మరి నరేశ్?"

సంధ్య తెర మీద ఏదో నొక్కింది. చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది. "అంత చేసిన. ఈ పెద్ద బటన్ ఒత్తితే ఫోల్డర్ పోతది. నాకు వేళ్ళు వస్తలేవు. నేను తానం చేసి వచ్చేలోపట నువ్వు ఒత్తు." బకెట్ తీసుకొని లోపలికి పోయి గడియ పెట్టుకుంది.

పెట్టెలో ఏం రాసుందో ఎల్లవ్వకు చదవరాదు. బటన్ ఏదో మాత్రం తెలుసు. వేలు దాని మీద పెట్టింది. ఉన్నది ఒక్క బిడ్డ. ఇంట్లో మిగిలిన మనిషి ఒక్కతే. లోపల చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. ఒత్తితే ఆ చప్పుడు రేపూ ఉంటుంది. ఆసుపత్రిలో తెల్లగుడ్డ చుట్టిన నరేశ్ చెయ్యి కళ్ళ ముందుకొచ్చింది. ఆ చెయ్యే పాడె పట్టింది.

గూట్లో మొండయ్య గుడ్డముక్కల డబ్బా ఉంది. అందులో పోగులు తప్పిన ముక్క ఒకటి. తన తప్పేనని ఆయన ఆ ముక్క పట్టుకొని మిల్లు సేఠ్ దగ్గరికి పోయిన పూటంతా ఎల్లవ్వ గడపలో భయంగా కూర్చుంది. ఇవాళ భయం అంతకంటే ఎక్కువగా ఉంది.

నీళ్ళ చప్పుడు ఆగింది.

సంధ్య తడితలతో వచ్చేసరికి ల్యాప్‌టాప్ మూసి, సంచిలో అన్నం డబ్బా పక్కన పెట్టి ఉంది. ఎల్లవ్వ చెప్పులు తొడుక్కొని గడపలో నిలబడింది.

"ఒత్తినవా?"

"లేదు."

"మర్చిపోయినవా అమ్మా?"

ఎల్లవ్వ సంచి భుజానికి తగిలించుకుంది.

"మర్చిపోలే బిడ్డా. నడువు, సాహెబు దగ్గరికి నేను గూడ వస్త."