మూడు సంస్థలు, ఒక కుర్చీ

ఆరేళ్లు వచ్చినా మా అమ్మాయి తనంతట తాను కూర్చోలేకపోయేది. పుట్టినప్పుడు మెదడుకు ఆక్సిజన్ అందలేదన్నారు. మెడ నిలిచేది కాదు, ఫిట్స్ వచ్చేవి. మా ఆయన మగ్గం నేస్తారు. నేను పిల్లను చంకన వేసుకుని, రిపోర్టుల సంచి భుజాన తగిలించుకుని, వారానికి మూడు రోజులు బస్సెక్కి బెజవాడ వెళ్లేదాన్ని.

మూడు రోజులు ఎందుకంటే, మాకు సాయం చేసే సంస్థలు మూడు. ఒకరు ఫిట్స్ మందులు ఇచ్చేవారు, ఒకరు ఫిజియోథెరపీ చేసేవారు, ఇంకొకరు ఇలాంటి పిల్లలు కూర్చునే ప్రత్యేకమైన కుర్చీలు ఇచ్చేవారు. అందరూ మంచివాళ్లే. కానీ ఎవరి దరఖాస్తు వాళ్లది. ప్రతిచోటా కాన్పు దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాల్సిందే. చెప్పిన ప్రతిసారీ ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు.

చివరికి కుర్చీ వచ్చింది. అది పెద్ద పిల్లలది. మా అమ్మాయి అందులో ఒక పక్కకు జారిపోయేది. గవర్నర్‌పేటలో ఫిజియోథెరపీ చేసే మేడమ్‌కి ఫొటో చూపించాను.

"ఇందులో కూర్చోబెట్టకండమ్మా. వెన్ను వంకరపోతుంది."

"రోజూ కూర్చోబెట్టమని వాళ్లు చెప్పారండీ."

"వాళ్లు నన్ను అడగలేదు కదమ్మా."

అప్పటిదాకా నేను ఎవరిముందూ గొంతెత్తి ఎరగను. ఆ రోజు ఆగలేకపోయాను.

"వాళ్లు మిమ్మల్ని అడగరు, మీరు వాళ్లని అడగరు. మధ్యలో నేను పిల్లనేసుకుని తిరుగుతున్నానండీ. అందరూ ఒకచోట కూర్చోండి. మా సంగతంతా ఒక్కసారే చెప్పేస్తాను."

అనేశాక భయమేసింది, ఉన్న సాయం కూడా పోతుందేమోనని. మేడమ్ ఫోన్ తీసి, నా ఎదురుగానే మిగతా ఇద్దరికీ చేశారు.

తర్వాతి మంగళవారం ఫిజియోథెరపీ గదిలోనే ముగ్గురూ కలిశారు. మందులు ఇచ్చే డాక్టరుగారు, కుర్చీల సంస్థ నడిపే పెద్దాయన, మేడమ్. పెద్దాయన తనతో ఆటోనగర్‌లో కార్ల సీట్లు కుట్టే మేస్త్రీని కూడా తీసుకొచ్చారు. మేస్త్రీ నేలమీద కూర్చుని, మేడమ్ చెబుతుంటే మా అమ్మాయి నడుము, తొడలు, మెడ కొలిచాడు.

"కారు సీటు ఎవరు కూర్చున్నా సరిపోవాలండీ. ఇది పాపకొక్కదానికే సరిపోవాలి" అన్నాడు.

రెండు వారాల్లో కుర్చీ తయారైంది. నడుముకి బెల్టు, తలకి రెండు పక్కలా మెత్తటి ఆనుడు. అందులో కూర్చోబెట్టి పప్పన్నం తినిపించాను. ఒక్కసారి కూడా పొలమారలేదు. మా ఆయన మగ్గం దిగి వచ్చి ఎదురుగా కూర్చున్నారు. పిల్ల తిన్నంతసేపూ అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ గదిలో ఇప్పుడు ప్రతి మంగళవారం మూడు సంస్థలవాళ్లూ కూర్చుంటున్నారు. పిల్లకొకటే ఫైలు. కొత్తగా వచ్చిన తల్లులతో ముందు నేనే మాట్లాడతాను.

ఈ ఏడు బడి తెరవగానే మా ఊరి బడికి ముగ్గురూ మాతోపాటు వచ్చారు. అంతకుముందు "మేము చూసుకోలేమమ్మా" అన్న హెడ్మాస్టరుగారికి కుర్చీ ఎలా వాడాలో, ఫిట్స్ వస్తే ఏం చేయాలో దగ్గరుండి చెప్పారు. ఆయనే తలుపు దగ్గర కుర్చీ పట్టేంత చోటు చేయించారు.

మొదటి రోజు నేను కిటికీ బయట నిలబడ్డాను. టీచరు హాజరు పిలుస్తోంది. మా అమ్మాయి పేరు వచ్చింది. మాట కూడదీసుకోవడానికి దానికి చాలాసేపు పట్టింది. క్లాసంతా ఆగింది.

"ప్రెజెంట్... మేడమ్."

తర్వాతి పేరుకీ అదే అంది. ఆ తర్వాతి పేరుకీ అంది. పిల్లలంతా నవ్వారు, అందరికంటే పెద్దగా అదే నవ్వింది.