రెస్టివ్ అన్న మాట

ఆసుపత్రి లాండ్రీలో పందొమ్మిదేళ్లుగా ఇస్త్రీ చేస్తున్న ఆమెను అందరూ ఆవిరక్క అంటారు. గదిలో ఆవిరి పోయేది ఆమె బల్ల పక్కనున్న కిటికీ గుండానే. కొత్త మేనేజరు వచ్చీరాగానే ఆ గది స్టోరుకు కావాలన్నాడు. ఇస్త్రీ బల్లలన్నీ సెల్లారులోకి దించమన్నాడు.

ఆవిరక్క కిందికెళ్లి చూసి వచ్చింది. గాలి దూరే సందు లేదు.

"సార్, అందులో బట్టలకంటే ముందు మేం ఉడుకుతాం. నేను దిగను."

"రిపోర్టు రాస్తాను."

"రాసుకోండి. పెన్ను మీదే కదా."

అన్నంత పనీ చేశాడు. ఇంగ్లిషులో ఉన్న ఆ కాగితాన్ని ఆమె లైబ్రరీలో పనిచేసే తమ్ముడి దగ్గరికి తీసుకెళ్లింది.

"అక్కా, నువ్వు రెస్టివ్ మనిషివట."

"తిట్టా?"

అతను లావుపాటి డిక్షనరీ తెరిచాడు. "కుదురు లేని మనిషి అని."

ఆవిరక్క అగ్గి మీద గుగ్గిలమైంది. "పొద్దున నిలబడితే సాయంత్రం దాకా అడుగు పక్కకి వెయ్యను. నాకా కుదురు లేనిది?"

"అరవకే, లైబ్రరీ ఇది! కింద ఇంకా ఉంది." అతను కళ్లజోడు సర్దుకున్నాడు. "ఉండిపోవడం, నిలిచిపోవడం అనే లాటిన్ మాట నుంచి పుట్టిందట. ఎంత అదిలించినా ముందుకు కదలని గుర్రాన్ని మొదట్లో రెస్టివ్ అనేవాళ్లు. అట్లాంటి గుర్రం పక్కలకీ వెనక్కీ గింజుకుంటుంది కదా, అట్లా పోనుపోనూ కుదురు లేదన్న అర్థం వచ్చింది."

ఆవిరక్క కోపం సగంలో ఆగిపోయింది. "ఆ మొదటి అర్థం రాసివ్వరా."

విచారణకు ముగ్గురు అధికారులు కూర్చున్నారు. ఆరోపణ ఒప్పుకుంటారా అని వాళ్లలో పెద్దావిడ అడిగింది.

"సగం ఒప్పుకుంటానమ్మా. కుదురు లేదన్నది అబద్ధం. కదలనన్నది నిజం." తమ్ముడు రాసిచ్చిన చీటీ పెద్దావిడ ముందు పెట్టింది. "ఆ సెల్లారులో తలుపేసుకుని, ఇస్త్రీపెట్టె పెట్టి, పావుగంట నిలబడండి. అప్పుడూ దిగమంటే దిగుతా."

పెద్దావిడ నిజంగానే దిగింది. మిగతా ఇద్దరికీ, మేనేజరుకూ తప్పలేదు. పావుగంట కూడా కాకముందే తలుపు తెరుచుకుంది. చొక్కా వీపుకు అంటుకుపోయిన మేనేజరు, "కాస్త ఉక్కగా ఉందంతే," అన్నాడు.

బల్లలు కదల్లేదు. స్టోరు సామానే సెల్లారుకు పోయింది. రెస్టివ్ అన్న మాటతో రిపోర్టు మాత్రం ఫైలులో ఉండిపోయింది. ఆ మాట కొట్టేయించుకోమని తోటివాళ్లు పోరుపెట్టారు.

"అడగను," అంది ఆవిరక్క, దుప్పటి దులిపి బల్ల మీద పరుస్తూ. "తీసేస్తామని వాళ్లే వచ్చినా ఒప్పుకోను."