ముందు డిక్కీలో సంచి

రియాద్‌కు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు అందరి మీదా అనుమానమే. టీ కొట్టతను నవ్వుతూ పలకరించినా, ఇతనికి నాతో ఏం పని అని జేబు తడుముకునేవాణ్ణి. జగిత్యాలలో బస్సెక్కించేటప్పుడే మావాళ్లు "ఎవ్వలు ఏమిచ్చినా పట్టుకోకు బిడ్డా, జైల్ల ఏస్తరు" అని బెదరగొట్టి పంపారు మరి. (అలా చెప్పినవాళ్లలో ఒక్కరూ కరీంనగర్ దాటి ఎరగరు.)

ఆ ఊరి మలాజ్ పేటలో ఒక పెద్దాయన ఇంట్లో నాకు డ్రైవరు పని దొరికింది. ఆయనే నా కఫీల్, అంటే నా వీసాకు పూచీ. పంతులుగా పనిచేసి మానేసిన మనిషి. నేను బాబా అని పిలిచేవాణ్ణి. ఆయన షెడ్డులో గుడ్డ కప్పిన పాత ఫ్రెంచి కారు ఒకటుండేది. వాళ్ల నాన్న కొన్నదట. యుద్ధం తర్వాత ఫ్రాన్సులో చిన్న సంసారాలు నలుగురైదుగురు కూర్చుని తిరగడానికి చేసిన రకం అనీ, అక్కడ పాలవాడి నుంచి డాక్టరు దాకా అందరూ నడిపారనీ, తర్వాత్తర్వాత ఇంజన్లన్నీ ముందుకు వచ్చేసి ఈ రకం ఆగిపోయిందనీ బాబా సగం అరబీలో, సగం ఉర్దూలో చెప్పేవాడు. దీనికి ఇంజను వెనక, డిక్కీ ముందు. అదేమంత వింత కాదు. వింతంతా ఆ ముందు డిక్కీలోని గోనెసంచిది. లావు దారంతో మూతి కుట్టేసి, ఇద్దరు పడితేగానీ కదలనంత బరువుండేది. బాబా డిక్కీ మూసేముందు దాన్ని ఒకసారి తట్టేవాడు. "ఇదేంటి బాబా?" అంటే వేలెత్తి, "దీన్ని ముట్టుకోకు" అనేవాడు, అంతే.

ఒక శుక్రవారం ఊరి బయట పాత కార్లవాళ్లంతా కలుస్తున్నారని బాబా పెద్ద కారులో కొడుకుతో, మనవలతో ముందు బయల్దేరాడు. నన్ను ఆ ఫ్రెంచి కారు తీసుకుని వెనకే రమ్మన్నాడు. నేనొక్కణ్ణీ, ఆ సంచీ! దూరంగా పోలీసు చెక్‌పోస్టు కనబడగానే నాకు ముందుకు పోబుద్ధి కాలేదు. కారు పక్కకు ఆపి, అదే ఊళ్లో ఏసీలు బాగుచేసే మా బావకు ఫోన్ చేశాను.

"ఏందిరా బామ్మర్ది, ముసలాయన ముంగట పోయి, నిన్ను సంచితోటి ఎన్క రమ్మన్నడా?" అన్నాడు బావ. "పక్కా నిన్ను ఇరికిచ్చెటట్టే ఉన్నడు. ఇప్పి సూడు జల్ది!"

తాళంచెవితో కుట్లు తెంపాను. లోపల ఇసుక.

"ఇసుకనా? ఎడారి దేశంల ఇసుకెవడన్న మోస్తడా? అడుగుకు ఉన్నది సరుకు. మొత్తం ఒంపు!"

దోసిళ్లతో తోడి మొత్తం రోడ్డు పక్కన పోశాను. మోచేతుల దాకా కెలికాను. ఇసుక కింద ఇసుకే ఉంది.  "ఏమో మరి, నాకు డ్యూటీ ఉన్నది" అని బావ ఫోన్ పెట్టేశాడు.

ఖాళీ సంచి మడిచి డిక్కీలో పడేసి బయల్దేరాను. ఇక నన్నెవరూ ఏమీ అనలేరని ధైర్యమొచ్చింది. ఆ ధైర్యం ఈదురుగాలి తగిలేదాకా ఉంది. ముందు భాగం తేలికైపోయి, స్టీరింగు ఎటు తిప్పినా కారు గాలి చెప్పినట్టే వింటోంది. ఒకసారి రోడ్డు ఆ అంచుకు, ఒకసారి ఈ అంచుకు. అంజన్నను తలుచుకుంటూ చెక్‌పోస్టు చేరేసరికి ఒక కుర్ర పోలీసు రోడ్డు మధ్యలో చేతులు చాపి నిలబడి ఉన్నాడు.

నా కళ్లలోకి చూశాడు, నోరు వాసన చూశాడు. ముందు మూత ఎత్తించి, "మకీనా వేన్?" అన్నాడు, ఇంజనెక్కడ అని. అక్కడ ఉన్నవి తెగిన దారాలూ, ఖాళీ గోనే. ఇప్పుడు అనుమానపడే వంతు అతనిది. "ఇందులో ఏముండింది? ఎక్కడ పారేశావు?"

"ఇసుక సార్," అన్నాను. నా చెవులకే అది పచ్చి అబద్ధంలా వినిపించింది.

నేను రాలేదని బాబా అంతలో వెనక్కి వచ్చాడు. సంచి చూసి, నన్ను చూసి, జరిగింది గ్రహించాడు. ఇంజను బరువంతా వెనకే ఉండటంతో ముందు చక్రాలు నేలను సరిగా పట్టవనీ, అందుకే వాళ్ల నాన్న ఆ బరువు పెట్టించాడనీ పోలీసుకు వివరించాడు. ఆ కుర్రాడు ముందు నమ్మలేదు. వెనక మూత ఎత్తి చూసి, మళ్లీ ముందుకొచ్చి చూసి, పకపకా నవ్వాడు. చివరికి అతను సంచి మూతి పట్టుకుంటే, బాబా వాళ్లు కారులో తెచ్చుకున్న టీ గిన్నెతో నేను రోడ్డు పక్క ఇసుక ఎత్తి పోశాను.

"ఎందుకు విప్పావు?" అని బాబా మెల్లగా అడిగాడు.

"భయమేసింది బాబా. ఏం సరుకో అనుకున్నా."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "నీ వయసులో నేను బంగారం అనుకున్నాను. మా నాన్న ఊళ్లో లేనప్పుడు విప్పాను. నాకు రెండు చెంపదెబ్బలు పడ్డాయి. ఎందుకు ముట్టుకోకూడదో ఆయన నాకు చెప్పలేదు, నేను నీకు చెప్పలేదు." ఆ తర్వాత మనవలను పెద్ద కారు నడుపుతున్న కొడుక్కి అప్పగించి, నా పక్క సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా, చిన్నప్పుడు ఆ కారు వెనకసీటులో కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలని తామన్నదమ్ములు ఎలా కొట్టుకునేవారో చెబుతూనే ఉన్నాడు.

పాత కార్లవాళ్లు కలిసిన చోట ఎవరో మా ఇద్దరికీ కారు ముందర ఫొటో తీశారు. నా ఫోనులో ఇప్పటికీ ఉంది. బక్కపల్చగా, కెమెరావాణ్ణి కూడా ఓరగా అనుమానంగా చూస్తున్న ఆ పిల్లవాడి భుజం మీద బాబా చెయ్యి ఉంది. వాడికి ఆ సంగతే తెలిసినట్టు లేదు.